కూలిందా, కూల్చారా?

2019 ఎండాకాలంలో మా నాన్న అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు రాజధాని రిచ్‌మండ్‌లో ఉన్న మా దగ్గరికి వచ్చి మూడు నెలలున్నాడు. మాది ప్రత్తిపాడు దగ్గర పల్లెటూరు. పత్తి, మిరప తప్ప నాన్నకు వేరే లోకం లేదు. గుడి, మాల్, వాషింగ్టన్, నయాగరా అన్నీ అయిపోయి చూపించడానికి ఇంకేం మిగలక, ఓ ఆదివారం సాయంత్రం మాన్యుమెంట్ ఎవెన్యూకి తీసుకెళ్ళాను. రోడ్డు మధ్యలో పెద్ద గడ్డి గుండ్రం. దాని మధ్య అరవై అడుగుల ఎత్తున, రాతి దిమ్మె మీద గుర్రమెక్కిన కంచు మనిషి.

"ఎవర్రా ఈయన?"

"రాబర్ట్ లీ అని సైన్యాధిపతి, నాన్నా. నూట యాభై ఏళ్ళ కిందట ఇక్కడ పెద్ద యుద్ధం జరిగిందిలే."

"గెలిచాడా?"

"ఓడిపోయాడు."

నాన్న చెయ్యి నొసటికి అడ్డంపెట్టుకుని పైకి చాలాసేపు చూశాడు. "ఓడినోడికే ఇంత విగ్రహం పెడితే గెలిచినోడికి ఎంతది పెట్టుంటారో!"

గెలిచినవాడి విగ్రహం ఈ ఊళ్ళో ఉంది. నది ఒడ్డున ట్రెడెగార్ ఇనుప కర్మాగారం దగ్గర లింకన్ ఒక బెంచీ మీద కూర్చుని ఉంటాడు, పక్కన కొడుకు టాడ్. మామూలు మనిషంతే ఉంటాడు. అది పెట్టింది 2003లో. పెట్టేనాడు నిరసనలు కూడా జరిగాయి. నాన్నకు అదీ చూపించాను. ఆయనేమీ అనలేదు, లింకన్ పక్కన కూర్చుని కాళ్ళు చాపుకున్నాడు.

ఈ ఊళ్ళో అప్పటికి పదకొండేళ్ళుగా ఉంటున్నాను. ఆఫీసుకు ఆ గుండ్రం చుట్టూ తిరిగే వెళ్ళేవాణ్ణి. నాన్న అడిగిన ప్రశ్న నాకు ఒక్కరోజు తట్టలేదు. సిగ్గేసి చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ, బానిసలున్న దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతామంటే 1860ల్లో ఉత్తరాదితో నాలుగేళ్ళు సాగిన ఈ అంతర్యుద్ధాన్ని గురించి మనం వాడే క్రియాపదాల మీదే నాకు అనుమానం మొదలైంది. ఆ అనుమానం మా అమ్మాయి ఎనిమిదో తరగతి హోంవర్కు చూసిన రోజున కోపంగా మారింది. ప్రశ్న ఇది: "రీకన్‌స్ట్రక్షన్ ఎందుకు విఫలమైంది? మూడు కారణాలు రాయండి." (దక్షిణాది ఓడాక 1877 దాకా, విడిపోయిన రాష్ట్రాలను తిరిగి కలుపుకుని, విడుదలైన బానిసలకు పౌరహక్కులు కల్పించబోయిన పన్నెండేళ్ళ కాలాన్ని ఇక్కడ అలా అంటారు.)

విఫలమైంది అనేది అకర్మక క్రియ. పాత మిద్దె వానకు నాని కూలినట్టు, పంట ఎండకు మాడినట్టు, ఎవరి చెయ్యీ లేకుండా దానంతటదే. తెలుగులో ఆ తేడా ఒక్క అక్షరంలో తెలిసిపోతుంది. కూలింది, కూల్చారు. ఓడింది, ఓడించారు. ఈ వ్యాసమంతా ఆ ఒక్క అక్షరం గురించే.

ముందు యుద్ధం సంగతి. ఇక్కడ జేమ్స్ నది వెంబడి పాత ప్లాంటేషన్ భవంతులు చాలా ఉన్నాయి. ఇండియా నుంచి చుట్టాలొస్తే మనవాళ్ళు ఫోటోలకు తీసుకెళ్తుంటారు. అలా ఒకచోట గైడు వంటిల్లు, వెండి చెంచాలు, అద్దాల బీరువాలు అన్నీ చూపించి, చివర్లో యుద్ధం ఎందుకొచ్చిందని ఎవరో అడిగితే "రాష్ట్రాల హక్కుల కోసం" అని రెండు ముక్కల్లో తేల్చేశాడు. కారులో తిరిగొస్తుంటే మా మిత్రుడొకడు, "అంటే మన తెలంగాణ ఉద్యమం లాంటిదేగా" అన్నాడు. ఈ పోలిక ఇంతకుముందూ విన్నాను. తెలంగాణవాళ్ళు అడిగింది దేశంలోనే ఇంకో రాష్ట్రం, అదీ రాజ్యాంగంలోని మూడో అధికరణం ప్రకారం. దక్షిణాది అడిగింది వేరే దేశం. ఎందుకడిగిందో వాళ్ళే కాగితం మీద రాసిపెట్టారు, మనం ఊహించక్కర్లేదు.

1861 జనవరిలో దక్షిణాది రాష్ట్రం మిసిసిపీ, ఎందుకు విడిపోతున్నానో చెప్పిన ప్రకటనలో రెండో వాక్యంలోనే బయటపడింది: ప్రపంచంలోకెల్లా అతి పెద్ద ఆర్థిక ప్రయోజనమైన బానిస వ్యవస్థతో మా స్థితి పూర్తిగా ముడిపడి ఉంది అని. ఆ మార్చి 21న సవానాలో, విడిపోయిన రాష్ట్రాలు పెట్టుకున్న కొత్త దేశమైన కాన్ఫెడరసీకి ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ ఇంకా విప్పి చెప్పాడు. తమ కొత్త ప్రభుత్వానికి మూలరాయి నల్లవాడు తెల్లవాడితో సమానం కాడన్న 'మహాసత్యం' అన్నాడు. దాపరికం ఏమీ లేదు. వాళ్ళు రాసుకున్న రాజ్యాంగంలో, నల్ల బానిసల మీద ఆస్తిహక్కును తగ్గించే చట్టమేదీ తమ కాంగ్రెస్ చేయకూడదని ప్రత్యేకంగా రాసుకున్నారు.

అసలు రాష్ట్రాల హక్కులను తొక్కమని కేంద్రం మీదకెక్కి కూర్చున్నదే దక్షిణాది. 1850 నాటి ఫ్యుజిటివ్ స్లేవ్ చట్టం చూడండి. ఉత్తరాదికి పారిపోయిన బానిసను అక్కడి పౌరులు పట్టించి తీరాలి. దొరికినవాడికి జ్యూరీ విచారణ లేదు, సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. తీర్పు చెప్పే కమిషనరుకు ఫీజు ఎంతంటే, "ఇతను బానిసే" అని యజమానికి అప్పగిస్తే 10 డాలర్లు, వదిలేస్తే 5. (రాతపని ఎక్కువ కాబట్టి ఫీజు ఎక్కువట!) విస్కాన్సిన్ అనే ఉత్తరాది రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం ఈ చట్టం చెల్లదంది. 1859లో దేశపు సుప్రీంకోర్టు, రాష్ట్రానికి ఆ మాట అనే అధికారం లేదంది. దక్షిణాది చప్పట్లు కొట్టింది. రాష్ట్రాల హక్కులు అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

1854లో బోస్టన్‌లో ఆంథొనీ బర్న్స్ అనే ఇరవయ్యేళ్ళ కుర్రాణ్ణి ఆ చట్టం కింద పట్టుకుని, రోడ్డుకు రెండువైపులా సైనికులను నిలబెట్టి, ఓడ ఎక్కించారు. ఎక్కడికి తెచ్చారనుకున్నారు? మా రిచ్‌మండ్‌కే. లంప్‌కిన్ జైలని, బానిసలను అమ్మకానికి నిలవుంచే చోట సంకెళ్ళతో నెలల తరబడి పడేశారు. ఆ స్థలం షాకో బాటమ్‌లో ఉంది. మా టీమ్ లంచ్‌లకు వెళ్ళే రెస్టారెంట్లన్నీ ఆ చుట్టుపక్కలే.

1860 లెక్కల ప్రకారం దేశంలో దాదాపు 40 లక్షలమంది బానిసలు. ఆస్తిగా కడితే వాళ్ళ 'విలువ' దేశంలోని రైళ్ళూ ఫ్యాక్టరీలూ కలిపినదానికంటే ఎక్కువ. దేశపు ఎగుమతుల్లో సగానికి పైగా పత్తి. ఇంత సొమ్ము ముడిపడి ఉన్నచోట 'హక్కులు' అన్న మాట వినబడితే, మా ఊరివాళ్ళెవరైనా ముందు పట్టాదారు పాసుపుస్తకం చూపించమంటారు.

ఆ పత్తి దెబ్బ మన దాకా వచ్చింది. ఉత్తరాది నౌకాదళం దక్షిణాది రేవులను దిగ్బంధించడంతో లాంకషైర్ మిల్లులకు దూది కరువై, ఇండియా పత్తి ధర ఆకాశాన్నంటింది. బొంబాయిలో షేర్ల పిచ్చి పట్టింది ఆ రోజుల్లోనే, 1865లో యుద్ధం ఆగగానే అది ఢామ్మని పేలిందీ అప్పుడే. గుంటూరు సీమ పత్తి కాకినాడ రేవు నుంచి వెళ్ళేది. ఆ రకానికి వ్యాపారంలో 'కొకనాడా' అనే పేరు స్థిరపడింది. నాన్నకు ఇది చెబితే ఒకటే అడిగాడు: "రేటు పెరిగిన సొమ్ము రైతుకొచ్చిందా, షావుకారుకా?" ఆ ప్రశ్నకు మళ్ళీ వస్తాను.

యుద్ధం ఎలా జరిగిందో నేను చెప్పను. యుద్ధాల పిచ్చి ఉన్నవాళ్ళు నాకంటే బాగా చెబుతారు. 1861 ఏప్రిల్ 12న ఫోర్ట్ సమ్టర్ మీద ఫిరంగులు పేలాయి. 1865 ఏప్రిల్ 9న ఆపమాటాక్స్‌లో లీ లొంగిపోయాడు. మధ్యలో తక్కువలో తక్కువ 6 లక్షల 20 వేలమంది సైనికులు చచ్చిపోయారని పాత లెక్క. కొత్త లెక్కలు ఏడు లక్షలంటున్నాయి, ఆ పైన కూడా అంటున్నాయి. ఉత్తరాదిని దేవతలను చేయడం నా ఉద్దేశం కాదు. లింకన్ యుద్ధానికి దిగింది దేశం విడిపోకుండా ఆపడానికి, మొదట్లో బానిసత్వం జోలికి పోననే అన్నాడు. మరి ఆ యుద్ధం బానిసల విముక్తి యుద్ధంగా ఎలా మారింది? ఇక్కడ మళ్ళీ నా క్రియాపదం గొడవ వస్తుంది. "బానిసలు విముక్తులయ్యారు" అని రాస్తారు.

వర్జీనియాలో జనం దేశం నుంచి విడిపోవడానికి ఓటేసిన రోజు 1861 మే 23. ఆ రాత్రే ఫ్రాంక్ బేకర్, జేమ్స్ టౌన్సెండ్, షెపర్డ్ మాలరీ అనే ముగ్గురు బానిసలు ఓ చిన్న పడవ వేసుకుని, ఉత్తరాది సైన్యం చేతిలో ఉన్న ఫోర్ట్ మన్రోకు వచ్చేశారు. మర్నాడు వాళ్ళ యజమాని తరఫున ఒక కాన్ఫెడరేట్ అధికారి తెల్లజెండా పట్టుకొచ్చి, ఫ్యుజిటివ్ స్లేవ్ చట్టం ప్రకారం వాళ్ళను తిరిగిచ్చేయమన్నాడు. కోటలో ఉన్న జనరల్ బట్లర్ వృత్తిరీత్యా లాయరు. "మీది వేరే దేశమని మీరే అంటున్నారు. వేరే దేశానికి నా దేశపు చట్టం ఎలా వర్తిస్తుంది?" అని, వాళ్ళను యుద్ధంలో పట్టుబడ్డ శత్రు సరుకు కింద లెక్కరాసి ఉంచేసుకున్నాడు. కొద్ది వారాల్లో వందలమంది అదే దారి పట్టారు. ప్రభుత్వం వెనక నుంచి చట్టాలు చేసుకుంటూ వచ్చింది. విముక్తి ప్రకటన వచ్చింది 1863 జనవరి 1న. యుద్ధం ముగిసేసరికి సైన్యంలో పనిచేసిన నల్లవాళ్ళు దాదాపు లక్షా ఎనభై వేలు. విముక్తులయ్యారా? కాదు, పడవ తెడ్డు పట్టుకుని వాళ్ళే చేసుకున్నారు.

ఇక అసలు కథ. సినిమాల్లో ఈ కథ లొంగుబాటు దగ్గర శుభం కార్డు వేసుకుంటుంది. నాకు కథ మొదలయ్యేదే అక్కడ.

లొంగుబాటుకు మూడు నెలల ముందు, 1865 జనవరి 12న, ఉత్తరాది జనరల్ షెర్మన్ సవానాలో ఇరవైమంది నల్లజాతి మతపెద్దలను పిలిపించుకుని "మీకేం కావాలి?" అని అడిగాడు. వాళ్ళ తరఫున మాట్లాడింది గారిసన్ ఫ్రేజియర్. వయసు 67. ఎనిమిదేళ్ళ కిందటే వెయ్యి డాలర్లు కట్టి, తననూ తన భార్యనూ కొనుక్కున్న మనిషి. ఆయన వేదాంతం మాట్లాడలేదు. భూమి కావాలి, మా రెక్కలతో మేం దున్నుకుంటాం అన్నాడు. నాలుగు రోజులకే షెర్మన్ ఉత్తర్వు వేశాడు. చార్ల్‌స్టన్ నుంచి ఫ్లోరిడా దాకా తీరప్రాంతపు భూములూ దీవులూ నల్ల కుటుంబాలకు, ఒక్కో కుటుంబానికి 40 ఎకరాలు మించకుండా. జూన్ నాటికి దాదాపు 40 వేలమంది ఆ భూముల మీద నాట్లు వేసుకుంటున్నారు. ఏప్రిల్‌లో లింకన్ను కాల్చేశారు. అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ పాత భూస్వాములను వరసబెట్టి క్షమించడం మొదలుపెట్టాడు. క్షమాపణతోపాటు భూమి కూడా తిరిగిచ్చేయాలి.

ఆ వార్త చెప్పే పని జనరల్ హొవార్డ్ మీద పడింది. విముక్తుల బాగోగులు చూసే బ్యూరోకు అధిపతి ఆయనే. మంచివాడు, దైవభక్తుడు, 1862లో యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్నవాడు. అక్టోబరులో సౌత్ కరోలైనా తీరంలోని ఎడిస్టో దీవికి వెళ్ళి, చర్చిలో కిక్కిరిసిన జనానికి చెప్పాడు: భూమి పాత యజమానులకు పోతుంది, వాళ్ళను క్షమించండి, వాళ్ళ దగ్గర కూలి ఒప్పందాలు రాసుకోండి. జనం కేకలు పెట్టారు. తర్వాత హెన్రీ బ్రామ్, ఇష్మాయెల్ మోల్ట్రీ, యేట్స్ శాంప్సన్ అనే ముగ్గురిని కమిటీగా వేసుకుని ఆయనకు జవాబు రాశారు. ఆ ఉత్తరం నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. స్పెల్లింగులు అక్కడక్కడా తప్పులు. చదువు నేర్పితే నేరమైన రాష్ట్రంలో పుట్టినవాళ్ళ రాత మరి. అందులో ఒక చోట ఇలా ఉంటుంది, నా అనువాదంలో:

"మా దీవి భూస్వాములను క్షమించమని మీరు అడుగుతున్నారు. మీకు యుద్ధంలో కుడిచెయ్యి ఒక్కటే పోయింది, మీరు క్షమించగలరేమో. నన్ను చెట్టుకు కట్టేసి 39 కొరడాదెబ్బలు కొట్టినవాణ్ణి, మా అమ్మనూ నా తోబుట్టువునూ బట్టలూడదీసి కొట్టినవాణ్ణి, తన పొలంలో పనిచేసి తనిచ్చిన ధరతో సరిపెట్టుకుంటే తప్ప ఖాళీగా ఉన్న తన గుడిసెలో నన్ను ఉండనివ్వనివాణ్ణి, నాకంటూ భూమి ఉంటే తన మొహం చూడనని తెలిసి నాకు భూమి దక్కకుండా నలుగురితో కుమ్మక్కైనవాణ్ణి, ఆ మనిషిని నేను క్షమించలేను."

వాక్యం చివరికొచ్చేసరికి కొరడా వెనక్కిపోయి భూమి ముందుకొస్తుంది. దెబ్బలు నిన్నటివి. గుడిసె, ధర, కుమ్మక్కు ఇవాళ్టివి. ఈ ఒక్క వాక్యంలో ఉన్నంత ఆర్థికశాస్త్రం నాకు ఇంకెక్కడా కనబడలేదు.

భూమి పోయాక ఏం జరిగిందో పత్తి రైతుకు చెప్పక్కర్లేదు. నాన్నకు నేను ఇంగ్లీషు మాట వాడి తిప్పలు పడుతుంటే ఆయనే అందుకున్నాడు. "సంగోరుకిచ్చారన్నమాట." అంతే. సగం పంట ఆసామికి. గింజలు, కంచర గాడిద, ఎరువు, తిండిగింజలు అన్నీ అరువు. అరువిచ్చిన షాపువాడికి పంట మీద ముందే హక్కు రాసివ్వాలి. అందుకే తినే మొక్కజొన్న కాకుండా పత్తే వేయాలి, అమ్ముడుపోయేది అదే గనక. డిసెంబరులో లెక్క తేలేసరికి ఖాతాలో ఇంకా బాకీయే కనబడుతుంది. ఖాతా రాసేది షాపువాడు, చదవలేనివాడు రైతు. "రేటు పెరిగితే రైతుకొచ్చిందా, షావుకారుకా" అన్న ప్రశ్న ఇక్కడికే వస్తుంది. ఈ ఉచ్చులో పేద తెల్లరైతులూ ఇరుక్కున్నారు, అదీ చెప్పాలి. కానీ నల్లరైతు లెక్క అడిగితే వచ్చేది గొడవ కాదు, తుపాకి.

అయినా ఆ పన్నెండేళ్ళూ చీకటి అనుకుంటే పొరపాటే. 13వ సవరణ బానిసత్వాన్ని తీసేసింది (1865), 14వది పౌరసత్వం ఇచ్చింది (1868), 15వది రంగును బట్టి ఓటు కాదనకూడదంది (1870). నిన్నటిదాకా సంతలో అమ్ముడైనవాళ్ళు శాసనసభల్లో కూర్చున్నారు. 1870లో హైరమ్ రెవెల్స్ మిసిసిపీ నుంచి సెనేటరయ్యాడు. సౌత్ కరోలైనా 1868 రాజ్యాంగం రాసిన సభలో ఎక్కువమంది నల్లవాళ్ళు. ఆ రాజ్యాంగంతోనే ఆ రాష్ట్రంలో అందరికీ ప్రభుత్వ బడులు వచ్చాయి, తెల్ల పిల్లలకు కూడా.

నాకు ఇష్టమైనవాడు రాబర్ట్ స్మాల్స్. 1862 మే 13 తెల్లవారుజామున, తాను బానిసగా పనిచేస్తున్న ప్లాంటర్ అనే కాన్ఫెడరేట్ ఓడను, తెల్ల కెప్టెన్ ఒడ్డున నిద్రపోతుంటే, కెప్టెన్ టోపీ పెట్టుకుని, భార్యాబిడ్డలను ఎక్కించుకుని, ఒక్కో కోట దగ్గరా సరైన ఈల సంకేతం ఇస్తూ చార్ల్‌స్టన్ రేవు దాటించి, ఉత్తరాది నౌకాదళానికి అప్పగించాడు. తర్వాత కాంగ్రెస్ సభ్యుడయ్యాడు. బ్యూఫోర్ట్‌లో తాను ఏ ఇంటి వెనక బానిసగా పుట్టాడో ఆ ఇంటినే, పన్ను బకాయికి వేలం వేస్తే కొనుక్కున్నాడు. మన దర్శకులకు ఈ కథ ఎవరైనా చెప్పండి, ఈల సీను ఒక్కటే చాలు ఇంటర్వెల్‌కి.

"ఆ ప్రభుత్వాలన్నీ అవినీతిమయం, అందుకే కూలిపోయాయి" అన్నది వందేళ్ళపాటు ఇక్కడి పాఠ్యపుస్తకాలు చెప్పిన మాట. అవినీతి ఉంది, కాదనను. కానీ అదే కాలంలో న్యూయార్క్ నగరాన్ని ట్వీడ్ ముఠా కోట్లలో దోచేసింది. దానికి శిక్షగా న్యూయార్క్ తెల్లవాళ్ళ ఓటు తీసేయాలని ఎవరైనా అన్నారా? దొంగ ఒకడైతే కులమంతా దొంగలనే తర్కం మనకు బాగా తెలిసిందే. ఎవరి విషయంలో వాడతారో, ఎవరి విషయంలో వాడరో కూడా తెలుసు.

కూల్చిన చేతులు ఎలాంటివో చూడాలంటే లూసియానాలోని కోల్‌ఫాక్స్ వెళ్ళాలి. 1873 ఏప్రిల్ 13, ఈస్టర్ ఆదివారం. వివాదంలో పడ్డ ఎన్నికల తర్వాత తాము గెలిపించుకున్న అధికారుల కోసం నల్లవాళ్ళు కోర్టు భవనాన్ని కాపలా కాస్తున్నారు. తెల్లవాళ్ళ సాయుధ మూక ఒక చిన్న ఫిరంగితో సహా వచ్చింది. భవనానికి నిప్పు పెట్టారు. లొంగిపోయి బయటికొచ్చినవాళ్ళను పట్టుకుని, చీకటిపడ్డాక కాల్చేశారు. చచ్చినవాళ్ళ లెక్క అరవై నుంచి నూట యాభై దాకా చెబుతారు. కేసులో నిందితులు 97 మంది. దోషులుగా తేలింది ముగ్గురు. 1876లో సుప్రీంకోర్టు ఆ ముగ్గురినీ వదిలేసింది. 14వ సవరణ రాష్ట్ర ప్రభుత్వాల చేతులు కట్టేస్తుంది గానీ, మామూలు మనుషులు కలిసి చేసిన హత్యలు దాని కిందికి రావు అని. అంటే ముసుగేసుకుని వస్తే చాలు, రాజ్యాంగం అడ్డురాదు. ఆ తీర్పు తర్వాత ఎన్ని ఊళ్ళలో తుపాకులు బయటికొచ్చాయో ఊహించుకోండి.

1950ల మొదట్లో రాష్ట్ర ప్రభుత్వం అక్కడ ఒక బోర్డు పెట్టింది. "ఈ స్థలంలో కోల్‌ఫాక్స్ అల్లర్లు జరిగాయి. ముగ్గురు తెల్లవారు, 150 మంది నీగ్రోలు హతులయ్యారు. 1873 ఏప్రిల్ 13 నాటి ఈ ఘటనతో దక్షిణాదిలో కార్పెట్‌బ్యాగర్ల దుష్పాలన అంతమైంది." (ఉత్తరాది నుంచి వచ్చి దక్షిణాది రాజకీయాల్లో చేరినవాళ్ళకు పెట్టిన తిట్టుపేరు అది.) లొంగిపోయినవాళ్ళను కాల్చడం 'అల్లర్లు'. వాళ్ళు చంపబడలేదు, ఊరికే 'హతులయ్యారు'. 'అంతమైంది' అట, మళ్ళీ ఆ క్రియ. ఆ బోర్డును 2021లో తీశారు. 2023లో చచ్చిపోయినవాళ్ళ పేర్లు చెక్కి రాయి నిలబెట్టారు.

ఆ 1873లోనే, కోల్‌ఫాక్స్ జరిగిన కొద్ది వారాలకు, పుణేలో జ్యోతిరావు ఫూలే తన 'గులాంగిరి'ని అచ్చువేశాడు. దాన్ని నీగ్రో బానిసత్వాన్ని రూపుమాపిన అమెరికా సజ్జనులకు అంకితమిచ్చాడు. తన దేశస్థులు కూడా శూద్ర సోదరులను బ్రాహ్మణ దాస్యం నుంచి విడిపించడానికి ఆ దారిన నడవాలని కోరుకున్నాడు. ఎంత పెద్ద మనసు! కానీ సరిగ్గా ఆ సంవత్సరమే ఆ సజ్జనులకు ఓపిక అయిపోతోంది. ఆ శరత్కాలంలో ఉత్తరాదిలో బ్యాంకులు కుప్పకూలాయి, ఉద్యోగాలు పోయాయి, దక్షిణాది నల్లవాళ్ళ గోల ఎవరిక్కావాలి అనే మాట మొదలైంది. 1876 అధ్యక్ష ఎన్నిక ఎటూ తేలక, 185కి 184 ఓట్లతో హేయెస్‌కు కట్టబెట్టారు. 1877 ఏప్రిల్‌లో సౌత్ కరోలైనా, లూసియానా శాసనసభల దగ్గర, నల్లవాళ్ళ ఓట్ల మీద నిలిచిన ప్రభుత్వాలకు కాపలా ఉన్న కేంద్ర సైనికులు బ్యారక్‌లకు వెళ్ళిపోయారు. మా అమ్మాయి పుస్తకంలో దీనికి రెండు పేరాలు, ఒక బొమ్మ.

మిగిలిందంతా కాగితం మీద చేశారు. లూసియానాలో 1896లో నమోదైన నల్ల ఓటర్లు 1,30,334. మీ తాతకు ఓటుంటే మీకు చదువు పరీక్ష అక్కర్లేదనే మెలికతో 1898లో కొత్త రాజ్యాంగం రాశారు. బానిస తాతకు ఓటు ఎక్కడిది? 1900 నాటికి నమోదైనవాళ్ళు 5,320. ఇది విఫలమవడమా? పాతిక మందిలో ఇరవై నలుగురి పేర్లు కూర్చుని కొట్టేస్తే పడే అంకె ఇది.

మరి ఇదంతా మనకెందుకని మా తెలుగు అసోసియేషన్‌లో ఒక పెద్దాయన అడిగారు. "వాళ్ళూ వాళ్ళూ తేల్చుకుంటార్లే బాబూ, మనం వచ్చిన పని చూసుకుందాం." 2025 జనవరిలో, వీసా మీద ఉన్నవాళ్ళకు ఇక్కడ పుట్టిన పిల్లలకు పౌరసత్వం ఉండదంటూ అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చిన రాత్రి, ఆ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపు తెల్లారేదాకా మోగుతూనే ఉంది. 14వ సవరణ అంటే ఏంటి, అది మనకు వర్తిస్తుందా, ఎవరు తెచ్చారు? గొడవ కోర్టుకెక్కింది.

ఆ సవరణ మన కోసం రాసింది కాదు. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో, నల్లవాడు ఈ దేశ పౌరుడు కాలేడని సుప్రీంకోర్టు అన్నదాన్ని తుడిచేయడానికి రాసింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే చైనా సంతతి వంటమనిషి దాన్ని పట్టుకుని 1898లో సుప్రీంకోర్టులో 6-2తో గెలిచాడు. మా అమ్మాయి పుట్టేనాటికి నాది హెచ్1బీ. తన నీలం పాస్‌పోర్టు, ఇక్కడ పుట్టినవాళ్ళు ఇక్కడి పౌరులే అనే ఆ సవరణలోని వాక్యం మీదే నిలబడి ఉంది. ఒక పిట్టకథ కూడా చెప్పాలి. రైలు పెట్టెల్లో రంగును బట్టి వేరు కూర్చోబెట్టడం సరే అన్న 1896 ప్లెసీ కేసులో ఒంటరిగా ఎదురునిలిచాడని మనం పొగిడే జస్టిస్ హార్లన్, రెండేళ్ళకు వాంగ్‌కు వ్యతిరేకంగా ఓటేసిన ఇద్దరిలో ఒకడు. ఎవర్నైనా విగ్రహం చేసేముందు రెండో కేసు కూడా చదవాలి.

విగ్రహం అంటే గుర్తొచ్చింది. 1890 మేలో లీ విగ్రహం ఆవిష్కరణకు లక్షకు పైగా జనం వచ్చారట. అప్పటికి రిచ్‌మండ్ ప్లానెట్ అనే నల్లవాళ్ళ పత్రికను నడిపేవాడు జాన్ మిచెల్, బానిస కుటుంబంలో పుట్టి నగర కౌన్సిల్ దాకా ఎక్కినవాడు. ఆయన రాశాడు, ఈ విగ్రహాన్ని నిలబెట్టడానికి చెమటోడ్చింది నల్లవాడే, సమయం వస్తే దించడానికీ ఉంటాడని. 2021 సెప్టెంబరు 8 ఉదయం దాన్ని దించిన పనిని నడిపించింది ఒక నల్లజాతి కాంట్రాక్టరు. దించే పనికి ముందుకొచ్చేవాళ్ళు దొరక్క వెతికి వెతికి ఆయన దగ్గరికి వచ్చారు. నేను ఆఫీసు ఎగ్గొట్టి వెళ్ళాను. నాన్నకు వీడియో కాల్ చేస్తే అక్కడ సాయంత్రం ఆరున్నర, మిరప నారుకు నీళ్ళు పెట్టి అప్పుడే వచ్చాడు. క్రేను బెల్టులు గుర్రం పొట్ట కింద బిగించారు. లేచింది. చాలా తేలిగ్గా లేచింది, నూట ముప్పై ఏళ్ళు కదలనిది. తర్వాత లారీలో పట్టడానికి లీని నడుము దగ్గర కోశారు. "లోపల డొల్లేరా!" అన్నాడు నాన్న.

హోంవర్కు సంగతి. మా అమ్మాయి 'విఫలమైంది' అన్నదాన్ని కొట్టేసి 'కూల్చారు' అని రాసి, కింద మూడు కారణాలకు బదులు కోల్‌ఫాక్స్, సుప్రీంకోర్టు, 1877 అని రాసుకెళ్ళింది. ప్రశ్న మార్చినందుకు రెండు మార్కులు పోయాయి. నేను టీచరుకు మెయిల్ పెడతానంటే వద్దంది. మార్కులు పోయింది నాకు, నీకెందుకంది.

మొన్న ఫోన్లో నాన్నకు ఎడిస్టో ఉత్తరం మొత్తం తెలుగులో చదివి వినిపించాను. మధ్యలో ఒక్క మాట అడ్డురాలేదు. అయిపోయాక కాసేపు టీవీ చప్పుడు మాత్రం వినబడింది.

"జవాబిచ్చాడా ఆ చెయ్యిలేనాయన?"

"ఇచ్చాడు. మీరడిగేది న్యాయమే, కానీ కాంగ్రెస్ కూర్చునేదాకా నా చేతిలో ఏం లేదన్నాడు."

"కూలి కాగితాల మీద సంతకాలు పెట్టారా మరి?"

"చాలామంది పెట్టలేదు నాన్నా. పెట్టనివాళ్ళను మరుసటి ఏడాది మొదట్లో సైనికులొచ్చి భూముల్లోంచి వెళ్ళగొట్టారు."

"ఎవరి సైనికులు?"

"ఉత్తరాది వాళ్ళే. వీళ్ళను విడిపించడానికి వచ్చినవాళ్ళే."